కాగితం మీద పదిహేను

ఊళ్ళో మా ఆయన్ని సరేగారు అంటారు. ఎవరేం అడిగినా ఆయన నోట్లోంచి ముందు వచ్చే మాట 'సరే', ఆలోచన ఆ తరవాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. నన్ను మీటరమ్మ అంటారు. సంచిలో ఎప్పుడూ మీటరు ఉంటుందని ఒక కారణం, ఎవరినైనా కొలిచి మరీ తిడతానని ఇంకో కారణం. ఇద్దరం కలిసి మైకుసెట్ల కొట్టు నడుపుతున్నాం. సభలకి అద్దెకిస్తాం, కాలిపోయినవి బాగుచేస్తాం. వాటితో పాటు ఏటి హెచ్చరిక హారన్లు చూసుకునే పని కూడా మాదే.

ఆ పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆ రోజు నేను పడ్డ భయం మీకు అర్థం కాదు. మా ఊరు ఏటి పక్కన వాలుగా ఉంటుంది. ఎగువన ఆనకట్ట తలుపులెత్తితే గంటలో కింది వీధుల్లోకి నీళ్ళొస్తాయి. అందుకని మిట్ట మీద కంట్రోలు రూములో ఒక యాంపు పెట్టి, దాన్నుంచి ఊరంతా ఒకే జత తీగ లాగి, వీధివీధికీ ఒక హారను తగిలించాం. సైరను మూడు సార్లు మోగుతుంది, మోగినప్పుడల్లా మూడు నిమిషాలు. వినగానే కింది వీధుల వాళ్ళు మిట్ట మీది బడికి వచ్చేయాలి. ఆరేళ్ళుగా జనానికి నేర్పింది ఇదే.

యాంపు ఐదువందల వాట్లది. ప్రతి హారను వెనకా చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దానికొక తిప్పుడు బిళ్ళ ఉంటాయి. ఆ హారను యాంపు దగ్గర్నుంచి ఎన్ని వాట్లు లాక్కోవాలో చెప్పేది ఆ బిళ్ళే. ఐదు, పది, పదిహేను. ఊళ్ళో హారన్లన్నీ లాక్కునేది కలిపితే యాంపు మోయగలిగిన బరువు దాటకూడదు. దానికి మించిన శాస్త్రమేం లేదు. ఇరవయ్యారు హారన్లు, తలా పదిహేను, మొత్తం మూడువందల తొంభై. యాంపుకి ఊపిరాడాలని వంద వాట్లు మిగిల్చి ఆ లెక్క కట్టింది నేనే. ఆ కాగితం యాంపు బీరువా తలుపు లోపలివైపు ఇప్పటికీ అతికించి ఉంది, ఒక్కో హారనుకి ఒక్కో చుక్క పెట్టి, చుక్క పక్కన పదిహేను అని రాసి.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి కంట్రోలు రూము ఆఫీసరు మమ్మల్ని పిలిపించాడు. ఎగువన మూడు రోజుల్నుంచి వాన. ఆనకట్ట నిండిపోయింది, మధ్యాహ్నానికి తలుపులెత్తుతారు, ఎందుకైనా మంచిది, ఇది పరీక్షేనని హారన్లలో చెప్పి సైరను ఒకసారి పూర్తిగా మోగించి చూద్దాం అన్నాడు. నెలనెలా చేసే పరీక్షలో పది సెకన్లు మోగించి ఆపేస్తాం. మూడు నిమిషాలూ మోగించడం పోయినేడాది తరవాత అదే మొదలు.

మీట నొక్కాడు. ఊరంతా కూత పెట్టింది. నలభై సెకన్లకి యాంపు మీద ఎర్రదీపం వెలిగి, కూత టక్కున ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే వీధిలో నడుస్తున్నవాళ్ళు కూడా ఆగి మిట్టకేసి చూస్తున్నారు.

యాంపు కాలిపోలేదు. మోయలేనంత బరువు పడితే కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది, చల్లబడితే మళ్ళీ లేస్తుంది. అదే సంగతి ఆఫీసరుకి చెప్పాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, వాల్యూము తగ్గిస్తే సరిపోదా అని అడిగాడు. సైరనుకి వాల్యూము మీట లేదు. ఎవరూ పొరపాటున తగ్గించకూడదని దాన్ని చేసినవాళ్ళే అలా బిగించారు, నొక్కితే ఉన్న సత్తువంతా పెట్టి అరుస్తుంది. మీ కొట్లో వేరే యాంపులు లేవా అన్నాడు. పెద్దవి రెండున్నాయి, కానీ అవి సభల్లో పెట్టె స్పీకర్లకి పనికొచ్చేవి. నాలుగడుగుల దూరంలో ఉన్న పెట్టెని బలంగా గుద్దడం వాటి పని, మైళ్ళ పొడవు తీగ మీద నలభై చోట్లకి కబురు మోయడం వాటి పని కాదు. ఈ తీగకి తగిలిస్తే కింది వీధిలో దోమ కూత కూడా వినపడదు.

నలభై అని నోరు జారాక గానీ నాకు స్పృహ రాలేదు. కాగితం మీద చుక్కలు ఇరవయ్యారే. ఆఫీసరు కాగితం కేసి చూశాడు, నేను మా ఆయన కేసి చూశాను. ఆయన బూట్ల కేసి చూసుకున్నారు.

ఆరేళ్ళలో ఆయన పెట్టినవి పద్నాలుగు, అందులో పది ఈ ఏడాదివే. మా సందు మలుపులో వినపడటం లేదు సరేగారూ అంటే ఒకటి, మంగలి కొట్టు ముందు ఒకటి, గోదాము కాపలావాడు బతిమాలాడని ఒకటి, వాళ్ళకి పెట్టి మాకు పెట్టవా అన్నందుకు మరి రెండు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఊరు ఊరంతా ఆ యాంపు నెత్తిన తలా ఒక హారను పెట్టింది. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది, ఆఫీసులో కాబట్టి మొత్తం చెప్పకుండా సగంలో ఆపాను. మిగిలినవన్నీ మాత్రం చెప్పాను. ఆయన అంతా విని, నలభైని పదిహేను పెట్టి హెచ్చేసి, ఆరువందలు అన్నారు. నూట పది తగ్గిస్తే నాలుగువందల తొంభైకి వస్తుంది. మిట్ట వీధుల్లో ఒకదానికొకటి వినపడేంత దగ్గరగా ఉన్న హారన్లు పదకొండుంటాయి. వాటిని పదిహేను నుంచి ఐదుకి దించేస్తే సరి. లెక్క బాగానే కట్టారు.

కానీ ఆ లెక్క తప్పని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. మా అక్క వీధిలో ఉన్నది పదిహేను వాట్ల హారను కాదు. యాభై వాట్లది. దాన్ని దొంగతనంగా పెట్టింది నేను.

అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ముప్ఫై ఏళ్ళు మేకుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసింది, ఇప్పటికీ చేస్తోంది. ఇనప తీగని యంత్రం కొడుతుంటే మేకులు రాలిపడే ఆ చోట పక్కవాడి అరుపు కూడా వినపడదు. ఆ చప్పుడు కొద్దికొద్దిగా అక్క చెవుల్ని తినేసింది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట్లాడేస్తుంది కాబట్టి చాలామందికి తెలియదు. తెలిసినా అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. చెవిటివాడి ముందు శంఖం అనే మాట మా ఇంట్లో పాతికేళ్ళుగా ఎవరూ వాడలేదు.

అక్క ఉండేది ఏటికి అన్నిటికన్నా దగ్గరి వీధిలో, కింది గదిలో. మూడేళ్ళ కిందట సైరను కసరత్తు చేశారు. ఊరంతా బడికి వచ్చింది, అక్క రాలేదు. పగలు కదా, షిఫ్టు దిగి నిద్రపోతోంది. జాబితా రాసేవాడు తలుపు కొట్టి కొట్టి, ఇంట్లో ఎవరూ లేరని రాసుకుని పోయాడు. సాయంత్రం అక్క మా కొట్టుకొచ్చి, మా వీధి హారను మోగలేదేమే, మీ పని ఇలాగే ఏడుస్తుందా అని నన్ను కడిగేసింది. మోగిందక్కా అనలేకపోయాను. అవునక్కా, పాడైంది, బాగుచేస్తాను అన్నాను. ఆ వారం మా ఆయన పొరుగూరి సభకి వెళ్ళినప్పుడు ఆ చిన్న హారను దించి, బిళ్ళ యాభై దాకా తిరిగేది ఎక్కించి, దాని మూతి అక్క కిటికీకేసి తిప్పి పెట్టాను. కింద నించి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. మా ఆయన తిరిగొచ్చాక మూతి తిరిగిందేమిటని అడిగారు. గాలికి తిరిగుంటుంది అన్నాను. సరే అన్నారు.

తరవాతి కసరత్తుకి బడి మెట్ల మీద అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది మా అక్కే. చూశావా, హారను సరిగ్గా ఉంటే నాకెందుకు వినపడదు అంది. పొద్దున్న ఆరింటికి హారన్లలో చదివే మంచినీళ్ళ వేళలు కూడా విని, పనిగట్టుకుని నాకు ఫోను చేసి చెబుతుంది. ఆ ఫోను కోసం ఆ యాభై వాట్లు ఊరి నెత్తిన పెట్టాను. గురివింద గింజ సామెత నాకోసమే పుట్టి ఉంటుంది.

అయినా ఆ పొద్దున నేను నోరు విప్పలేదు. ముప్ఫై అయిదు వాట్లే కదా ఎక్కువ, యాంపు మీద అంత రాసి ఉన్నా కాస్త అటూఇటూ మోస్తుందిలే అనుకున్నాను. ఇలాంటి తీగ మీద బరువెంతుందో నా మీటరు చెప్పదు. ట్రాన్స్‌ఫార్మర్లున్న లైను మీద పెడితే ఏదో చిన్న అంకె చూపించి ఊరుకుంటుంది. ఏ హారను ఎంత లాగుతోందో పెట్టినవాళ్ళు చెప్పాల్సిందే. ఆయన పెట్టినవి ఆయన చెప్పేశారు.

నిచ్చెన వేసుకుని బయల్దేరాం. ఆయన మోకాలు బాగాలేదు కాబట్టి ఎక్కేది నేను, పట్టుకునేది ఆయన. మొదటి హారను దించుతుంటేనే కింద జనం పోగయ్యారు. మాది ఎందుకు తగ్గిస్తున్నారు, పక్క సందుది తగ్గించుకోండి అని ఒకాయన అడిగాడు. మా ఆయన సరే అనబోతుంటే నిచ్చెన పైనుంచి ఆయన నెత్తిన రెంచీ పడేస్తానని చెప్పాను. గోదాము దగ్గర కాపలావాడు తన హారను వదిలేయమని బతిమాలాడు, ఆ మాటకి కూడా ఈయన తల ఊపడం నేను పైనుంచి చూశాను. ఒక్కో హారనుకి పావుగంట పట్టింది. తుప్పు పట్టిన చోట ఇరవై నిమిషాలు పట్టింది. చెమటకి చేతిలో స్క్రూడ్రైవరు జారిపోతోంది. ప్రతిసారీ బిళ్ళ ఐదు మీదకి తిప్పుతూ పది తగ్గింది, ఇంకో పది తగ్గింది అని లెక్కపెట్టుకుంటున్నాను. ఎన్ని తగ్గినా ఆ ముప్ఫై అయిదు మాత్రం అలాగే ఉంటోంది.

దగ్గరిదారని అక్క వీధి మొదట్లోంచి పోతుంటే ఆయన ఆగి, ఈ వీధి జోలికి మనం వెళ్ళొద్దు, నీళ్ళు ముందొచ్చేది ఇక్కడికే కదా, ఉన్నది ఒక్కటే, పదిహేనుకి పదిహేను ఉండనీ అన్నారు. ఆ మలుపు దాటేవరకు ఆయన ముఖం చూడకుండా నడిచాను.

ఒంటిగంటన్నరకి పదకొండో హారను అయింది. కంట్రోలు రూముకి వెళ్ళేసరికి ఆఫీసరు ఫోనులో ఉన్నాడు. మూడున్నరకి తలుపులెత్తుతున్నారు, మూడింటికల్లా సైరను మోగాలి అన్నాడు. ఫోన్లకి సందేశాలు పంపించాడు కానీ ఏరు పొంగుతుందనే సందేశాలు జనం ఆ వారంలో ఇరవై చూసి ఉన్నారు. చేతిమైకులిచ్చి ఇద్దరిని పంపించాడు, వాళ్ళు ఎన్ని సందులు తిరుగుతారు? సైరను మోగితేనే కదలాలని నేర్పింది మేమే, మోగకపోతే ఎవరూ కదలరు.

ఇదీ పరీక్షేనని హారన్లలో చెప్పి రెండో పరీక్ష మొదలుపెట్టాం. ఆయన గోడ గడియారం చూస్తున్నారు, నేను దీపం చూస్తున్నాను. నిమిషం దాటింది. పచ్చదీపం అలాగే ఉంది. ఒకటిన్నర నిమిషం. నేను లోపల్లోపల ఎవరికి దణ్ణం పెట్టుకున్నానో నాకే తెలియదు. యాంపు బీరువాలోంచి వేడి ముఖానికి తగులుతోంది. రెండు నిమిషాలు దాటి ఎనిమిది సెకన్లు అయింది. ఎర్రదీపం వెలిగింది.

ఆఫీసరు అప్పటిదాకా గొంతు పెంచలేదు, అప్పుడు పెంచాడు. ఎవరినడిగి నలభై హారన్లు పెట్టారు, అడిగినవాడికల్లా పెట్టడానికి ఇదేమన్నా మీ పెళ్ళి పందిరా అని మా ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. ఆయన చేతులు కట్టుకుని, తప్పు నాదేనండీ అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని నేను తిట్టని రోజు లేదు. కానీ పరాయివాడు తిడుతుంటే ఆయన అలా నిలబడటం నేను చూడలేకపోయాను. అందులోనూ ఆ తిట్లలో సగం నాకు తగలాల్సినవి.

ఆఫీసరు ఫోను మోగి పక్కకి వెళ్ళాక ఆయన నా దగ్గరికొచ్చారు.

"నాలుగువందల తొంభైయే కదా. లోపలే ఉంది కదా. మరి ఎందుకు పడిపోయింది? నువ్వు చెప్పు. నీ లెక్క ఎప్పుడూ తప్పదు."

"లెక్క తప్పలేదండీ. నేను అబద్ధం ఆడాను. అక్క వీధిలో ఉన్నది పదిహేను కాదు, యాభై."

ఆయన అర్థంకానట్టు చూశారు. మూడేళ్ళ కథ మూడు ముక్కల్లో చెప్పాను. పొద్దున్నుంచి నేను నిచ్చెన మీద నిలబడి తిట్టిన తిట్లన్నీ ఆయన ఇప్పుడు తిరిగిస్తారని ఎదురుచూశాను. ఇస్తే బాగుండేది. ఆయన కాగితం మీద అక్క వీధి చుక్క మీద వేలు పెట్టారు.

"సరే," అన్నారు. "దాన్ని పదిహేనుకి దించెయ్. ఆఫీసు నిచ్చెన తీసుకుని పై వీధుల్లో ఇంకో మూడు నేను దించుతాను. ఊపిరాడుతుంది. వదినగారికి మాత్రం నువ్వే చెప్పాలి."

ఆయన 'సరే' విని కోపం రాకపోవడం నాకు అదే మొదలు.

నేను అక్క వీధికి చేరేసరికి రెండుంబావు అయింది. వీధి ఎప్పటిలాగే ఉంది. ఎదురింటి దర్జీ ఆవిడ కుట్టుమిషను తొక్కుతోంది, ఎవరో బట్టలారేస్తున్నారు. నిచ్చెన వేసి ఎక్కితే హారను పక్కనుంచి కింద అక్క కిటికీ కనబడుతుంది. లోపల అక్క అటు తిరిగి నిద్రపోతోంది. పాదాలు దుప్పటి బయట ఉన్నాయి. యాభై మీదున్న బిళ్ళని తిప్పబోతే కదలలేదు. మూడేళ్ళ తుప్పు పట్టింది. ప్లయరుతో పట్టి లాగాను, రెండోసారికి పదిహేను మీదకి వచ్చి పడింది. మూతిని కూడా వీధి చివరకేసి తిప్పాను, అసలు అది చూడాల్సింది అటే.

తలుపు తోసి లోపలికి వెళ్ళి అక్క భుజం తట్టాను. ఉలిక్కిపడి లేచి, ఏమైందే అంది. వెలుతురు నా ముఖం మీద పడేలా నిలబడి, నీళ్ళొస్తున్నాయి, ఇప్పుడే బడికి వెళ్ళిపోదాం రా అన్నాను. అక్క గడియారం చూసింది. పరీక్షంటూ ఇప్పటికే రెండుసార్లు లేపారు, ఇంకా రెండు గంటలు పడుకుంటే గానీ రాత్రి పని చెయ్యలేనంది. పోయినేడాది రెండుసార్లు ఇలాగే పరిగెత్తించి చుక్క నీరు రాకుండా చేశారంది.

"సైరను మోగితే వస్తాను పో. నాకు చెవుల్లేవా?"

హారను తగ్గించాను అక్కా, ఇక నీకు వినపడదు అని చెప్పాలి. ఆ మాట వెనకే ఇంకోటి చెప్పాలి, ఇన్నాళ్ళూ వినపడింది నీ చెవుల వల్ల కాదని. అక్క నా ముఖం వంకే చూస్తోంది, పెదాలు కదిలితే పట్టేసుకోవాలని. నేను పెదాలు బిగించుకున్నాను. మొహమాటం మా ఆయనదొక్కడిదే అని ఇరవై రెండేళ్ళు అనుకున్నాను. అక్క మళ్ళీ అటు తిరిగి పడుకుంది. చెయ్యి పట్టి లాగితే వచ్చే మనిషి కాదు. మూడింటికి యాంపు దగ్గర నేను లేకపోతే కుదరదు.

బయటికొచ్చి వీధి మధ్య నిలబడ్డాను. నేను ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. అడిగించుకుని కాదనే రకం. దర్జీ ఆవిడ మిషను ఆపి నాకేసి చూస్తోంది. వెళ్ళి ఆవిడ గడప ముందు నిలబడ్డాను.

"మా అక్కకి వినపడదమ్మా. హారను తగ్గించాను. సైరను మోగగానే మీరు వెళ్ళి లేపాలి. తలుపు కొడితే చాలదు, లోపలికెళ్ళి లేపాలి."

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ మిషను మీద పెట్టి, తమ ఇంటి కిటికీ చూపించింది. రెక్కల సందుల్లో గుడ్డముక్కలు కూరి, మీద పాత దుప్పటి మేకులతో కొట్టి ఉంది.

"మాకు తెలుసమ్మా. మూడేళ్ళుగా పొద్దున ఆరింటికి చెవుల్లో దూది పెట్టుకుంటున్నాం. ఆ చివరింటి పసిపిల్లకి జడుపు జ్వరం కూడా వచ్చింది. ఆవిడ వింటున్నానని మురిసిపోతుంటే ఇంకేం అంటాం?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అది ఆవిడ చూసింది కూడా. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను అంది. నాకు నమ్మకం చాల్లేదు. పక్కింటికి వెళ్ళి అదే మాట చెప్పాను. సైకిలు షాపువాడికి చెప్పాను. బట్టలారేస్తున్నామెకి చెప్పాను. ఆఖర్న వీధి మొదట్లో అటుగా పోతున్న ఒక అపరిచితుణ్ణి కూడా ఆపి చెప్పాను. అతను ఏ ఇల్లో అడగకుండానే తల ఊపి వెళ్ళిపోయాడు.

మూడింటికి రెండు నిమిషాలుండగా కంట్రోలు రూములో పడ్డాను. మా ఆయన కుంటుకుంటూ నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. మూడూ దించానన్నారు. నాలుగువందల అరవై. కాగితం మీదా అంతే, తీగ మీదా అంతే. ఆఫీసరు మీట నొక్కాడు.

ఆ మూడు నిమిషాలు దీపం కేసి చూస్తున్నాను కానీ నా కళ్ళకి కనబడుతున్నది అక్క పాదాలు. ఈ కూత ఇప్పుడు ఆ కిటికీ దగ్గర ఎంత సన్నగా వినబడుతోందో నాకు తెలుసు, ఆ సన్నం చేసింది నా చేతులే. నిమిషం. రెండు. రెండూ ఎనిమిది సెకన్లు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. పచ్చదీపం కదల్లేదు. మూడో నిమిషం నిండాక ఆఫీసరు మీట వదిలేసి కుర్చీలో కూలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మిగిలిన రెండూ నేను చూస్తాను. నువ్వు వెళ్ళు," అన్నారు మా ఆయన.

బడి అక్కణ్ణించి ఐదు నిమిషాల నడక. నేను వెళ్ళేసరికే జనం వస్తున్నారు, సంచులు, పిల్లలు, చంకలో టీవీ పెట్టుకుని ఒకాయన. వచ్చే ప్రతి ముఖం చూశాను. అక్క లేదు. రెండో సైరను మోగి ఆగిపోయింది, అక్క లేదు. దర్జీ ఆవిడ కూడా లేదు. ఆవిడ మాటిచ్చి మర్చిపోయిందని, లేపబోతే అక్క తిట్టి తరిమేసిందని, తరిమేశాక లోపల గడియ పెట్టుకుందని, నిమిషానికో రకంగా అనుకున్నాను. ఇక ఆగలేక జనానికి ఎదురుగా వాలు దిగడం మొదలుపెట్టాను.

సగం దారిలో కనబడింది. అక్కకి అటు దర్జీ ఆవిడ, ఇటు సైకిలు షాపువాడు, వెనక బట్టలారేసే ఆమె. వీళ్ళందరి ముందు అక్క సంచి మోసుకుంటూ నేను దారిలో ఆపిన అపరిచితుడు. అక్క ముఖం కందగడ్డలా ఉంది.

"ఒకళ్ళు లేపితే చాలదటే? నలుగురొచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు, నేనేదో పోయినట్టు. ఎవరికి చెప్పావే?"

"అందరికీ చెప్పానక్కా."

అక్క ఆగిపోయింది. నా పెదాల మీంచి చూపు తీసి, నలుగురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఎవరూ చూపు తిప్పుకోలేదు. ఎవరికీ తెలియదనుకున్నది వీళ్ళందరికీ తెలుసని ఆవిడకి అప్పుడు అర్థమైంది. మిగిలిన దారంతా నా పక్కన నడిచింది గానీ నాకేసి చూడలేదు. అక్క నాతో ఇక జన్మలో మాట్లాడదని అనుకున్నాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు, మిట్ట మీద ఉంది అని కూడా అనుకున్నాను. రెండూ నిజంగానే అనుకున్నాను.

బడి మెట్ల మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నేను ఒక మెట్టు కింద కూర్చున్నాను. చుట్టూ జనం గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి ఆ మాటలన్నీ ఆగిపోయాయి. ఆడుకుంటున్న పిల్లలు ఆగారు. అందరి తలలూ కంట్రోలు రూము వైపు తిరిగాయి. అక్క ఆ తలలన్నీ చూసింది. తరవాత వంగి, నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"మోగుతోందా?" అని అడిగింది.

తల ఊపాను. ఇన్నేళ్ళలో ఆ మాట అక్క ఎవరినీ అడగలేదు.

"ఆగినప్పుడు చెప్పు," అంది.

సరే అన్నాను.